గోడ మీది పదమూడోవాడు

మమ్మల్ని దొంగల ముఠా అని మొదట పిలిచింది కంపెనీ. గేటుకి అంటించిన నోటీసులో, కింద స్టాంపు గుద్ది మరీ రాసింది: "ఒక దొంగల ముఠా ఫ్యాక్టరీ ఆవరణలోకి చొరబడి..." మేం తాళాలు చేసేవాళ్ళం. ఊళ్ళో సగంమంది మా తాళాన్ని తలుపుకి వేసి, ఓసారి లాగి చూసుకుని, నిశ్చింతగా ప్రయాణాలు చేసేవాళ్ళు. అలాంటి మమ్మల్ని దొంగలంది. ఆరేళ్ళ తర్వాత ఆ మాటనే పట్టుకుని నేను సైన్యం కట్టాను.

సైన్యమంటే బల్ల మీది సైన్యం. బొటనవేలంత బొమ్మలు. ఆదివారం పొద్దున పదింటికి కుట్టుమిషన్ల కొట్టు పైనున్న హాల్లో పదిమందిమి చేరతాం. అట్టలతో కట్టిన వీధులు, గోడలు, గిడ్డంగులు రెండు పెద్ద బల్లల మీద పరుస్తాం. దూరం కొలవడానికి టేపు, బతుకు తేల్చడానికి పాచికలు. ఒకడు గుర్రాల దండు తెస్తాడు, ఇంకొకడు మరమనుషుల్ని తెస్తాడు. వయసొచ్చిన మగాళ్ళు బొమ్మలాటలాడతారేంటని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. వారంలో ఆరు రోజులు మీరూ ఎవడో జరిపినచోటికి జరుగుతూనే ఉన్నారు. మాకు ఒక్క పూటైనా జరిపే వంతు వస్తుంది.

నా ముఠాలో పదమూడుగురు. అందరూ ఆ నోటీసులోని దొంగలే.

పొద్దున షిఫ్టుకి ముందు గంటసేపు కిటికీ దగ్గర కూర్చుని చేశాను. రేకుల్లో తాళం చిల్లులు కొట్టగా మిగిలిన గుండ్రటి ఇత్తడి బిళ్ళలు వాళ్ళ కాళ్ళ కింద పీటలు. విరిగిన స్ప్రింగులు చేతులు. ఒంటికి జిగురుమట్టి. సైను బోర్డులవాడి దగ్గర డబ్బాల అడుగున మిగిలిన రంగులు. ఇత్తడి బిళ్ళలు కంపెనీ చెత్తబుట్టలోవి. దొంగతనమంటారా, అనండి. ముఠా కదా.

క్రేను తాతని పారిపోయే వ్యాను డ్రైవర్ని చేశాను. నిజానికి ఆయనకి సైకిలు తొక్కడం కూడా రాదు. క్యాంటీన్ అత్తని బాంబుల నిపుణురాలిని చేసి ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో బాంబు పెట్టాను. ఆవిడ టీ తాగినవాళ్ళకి రెండూ ఒకటేనని తెలుసు. ఎప్పుడు చూసినా కునికిపాట్లు పడేవాణ్ణి మేం మూడో షిఫ్టు అనేవాళ్ళం. వాడు పిస్తోలు పట్టుకుని గోడకి జేరబడి కళ్ళు మూసుకున్నాడు. పూత సెక్షను కవలలిద్దరికీ మోచేతుల దాకా నికెలు రంగు వేశాను. ఆ రంగు వాళ్ళకి నిజంగానే వదిలేది కాదు, పాపం.

వీళ్ళెవరూ ఇప్పుడు నా చుట్టూ లేరు. క్రేను తాత పోయాడని విన్నాను. అత్త కూతురి దగ్గర ఉందన్నారు, ఏ ఊరో చెప్పినవాడికే తెలియదు. కవలల్లో ఒకడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కనిపించాడు, నేను చెయ్యెత్తేలోగా బస్సు కదిలింది. మొహాలు మరిచిపోతున్నాను, అదే నా బాధ. నడకలు మాత్రం నా వేళ్ళకి గుర్తున్నాయి. మట్టి పిసుకుతుంటే అత్త కుడివైపు ఒరిగి నడిచే నడక దానంతటదే వచ్చేసింది. ఆ రోజు షిఫ్టుకి ఆలస్యమైంది. అయితే అయింది.

చిక్కంతా ముఠా నాయకుడి దగ్గరే వచ్చింది. నాయకుడు మా బావ. అక్క మొగుడు. మా ఫ్యాక్టరీలో అంతటి చెయ్యి ఇంకోటి లేదు. నాకు ఆకురాయి పట్టడం నేర్పినవాడు. "రుద్దకురా, అడుగు, అదెంత వదులుకుంటుందో దాన్నే అడుగు" అనేవాడు. ఆయన నాతో మాట్లాడి ఆరేళ్ళు.

మా హాల్లో ఒక పట్టింపు ఉంది. బొమ్మ చేతిలో కంటికి కనిపించేదే దాని ఆయుధం. నోటితో చెప్తే చెల్లదు. బావ చేతిలో ఏం పెట్టాలో నాకు తెలుసు. ఒక వంచిన తీగ. అది పెట్టలేక రెండు నెలలు ఆ బొమ్మని ఖాళీ చేతులతో కిటికీలో నిలబెట్టాను.

ఎందుకు పెట్టలేకపోయానో చెప్తాను.

ఆ రోజు మధ్యాహ్నం రెండో షిఫ్టుకి వెళ్ళేసరికి గేటుకి తాళం. ఏడు లివర్ల పెద్ద తాళం, మేం చేసిందే. కంపెనీ మూసేశారట. లోపల మా పనిముట్లున్నాయి. కంపెనీవి కావు, మా సొంతవి. ఎవరి చేతికి అలవాటైన ఆకురాయి, సుత్తి, గరిటె వాళ్ళవి. అడిగితే రేపన్నారు, ఎల్లుండన్నారు. బావ సైకిలు చువ్వ ముక్క ఒకటి తీసి, కొస వంచి, తాళానికి చెవి ఆనించాడు. రెండు నిమిషాలు. తెరుచుకుంది. పదమూడుగురం లోపలికెళ్ళి ఎవరి పనిముట్లు వాళ్ళం తెచ్చుకున్నాం. ఒక్క మేకు ఎక్కువ తీసుకోలేదు. చివర్న బావ తాళం వేయబోతూ మొహం చిట్లించి, "బిగుసుకుపోయిందిరా ఇది. నూనె ఇటియ్యి" అన్నాడు. నా చేతిలో నూనెడబ్బా ఉంది. ఇచ్చాను. మూడు చుక్కలు వేసి, రెండుసార్లు తీసి మూసి, తృప్తిగా తాళం వేసి వచ్చాడు.

లోకంలో ఏ దొంగైనా తీసిన తాళానికి నూనె వేసి మూసి వెళ్తాడా? మా బావ వేశాడు. ఆ నూనె మరకే పట్టించింది. ఇది తాళాలు చేసే చేతుల పనే అని మేనేజరుకి చిటికెలో తెలిసిపోయింది. ఒక్కొక్కర్నీ గదిలోకి పిలిచారు. నేను ఎనిమిదోవాణ్ణి. టైపు చేసిన కాగితం ముందు పెట్టారు. "నేను దూరంగా, గోడ దగ్గర నిలబడి చూశాను. తీగతో తాళం తీసింది ఫలానా." సంతకం పెట్టాను.

కారణాలు చెప్పను. కారణాలు అందరికీ ఉన్నాయి. నా ముందు వెళ్ళిన ఏడుగురికీ ఉన్నాయి, వాళ్ళు పెట్టలేదు. బావ మూడు నెలలు జైల్లో ఉన్నాడు. ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచినప్పుడు ఆ పదమూడుగురిలో లోపలికెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు గేటు మీటింగుల్లో అందరికంటే గట్టిగా అరిచేది నేనే. ఎందుకంత అరుస్తానో ఎవరూ అడగలేదు, వాళ్ళ మంచితనం.

బొమ్మ చేతిలో తీగ పెడితే రెండోసారి సాక్ష్యం చెప్పినట్టే.

అక్క నెలకోసారి వస్తుంది. ఒక్కతే వస్తుంది. ఈసారి వచ్చినప్పుడు కిటికీ దగ్గర ఆగింది.

"ఏంట్రా ఈ చీమల దండు?"

కళ్ళజోడు పెట్టుకుని వంగింది. ఒక్క క్షణం ఆగి కెవ్వుమంది.

"ఓరి నీ దుంపతెగ! క్యాంటీన్ అత్త కాదూ! అదే ఒరగడం, అదే గరిటె! వీడు... వీడు నిద్రమొహంగాడు! చచ్చినాడు, ఇక్కడా పడుకున్నాడా!"

నవ్వుతూ నవ్వుతూ బావ బొమ్మ దగ్గరికి వచ్చింది. అరచేతిలో పెట్టుకుంది.

"ఈయనగారికి అప్పటి పొట్ట తగ్గించావు. పుణ్యం కట్టుకున్నావు." బొమ్మని ఇటూ అటూ తిప్పింది. "చేతులు ఖాళీగా ఉన్నాయేంరా?"

"ఏం పెట్టాలో తోచలేదక్కా."

ఆమె నవ్వు ఆగిపోయింది. బొమ్మని ఎక్కణ్ణుంచి తీసిందో అక్కడే, అదే వైపు తిరిగి ఉండేలా పెట్టింది.

"ఆదివారం పదింటికి కుట్టుమిషన్ల కొట్టు మీద ఉంటాను. బావకి చెప్పు."

"రాడు."

"చెప్పు చాలు."

"చెప్పడానికేం, నోరుంది. నీ పేరెత్తితే ఆయన కొట్లో తాళంచెవులు కోసే మిషను ఆన్ చేస్తాడు. చేతిలో తాళంచెవి లేకపోయినా ఉత్త మిషను తిప్పుతాడు, నా మాట వినపడకుండా."

ఆ ఆదివారం నేను తొమ్మిదింటికే వెళ్ళాను. హాలు తాళం తీసే రూల్సు మాష్టారు కూడా నన్ను చూసి ఆశ్చర్యపోయారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాష్టారు. మా ఆట రూల్సు పుస్తకం ఆయన సంచిలోంచి బయటికి వస్తే ఇక ఎవరికీ నోరు లేవదు. నా ముఠాని బల్ల మీద పేర్చుకుని మెట్లకేసి చూస్తూ కూర్చున్నాను. పది అయింది. పదింబావు అయింది.

పదిన్నరకి బావ వచ్చాడు.

జుట్టు తెల్లబడింది. పొట్ట నిజంగానే తగ్గింది, నేను తగ్గించక్కర్లేకపోయింది. గుమ్మంలో ఆగి, నన్ను కాదు, హాలు తలుపు తాళాన్ని చూశాడు. వేలితో కొక్కెం కదిపి చూసి పెదవి విరిచాడు.

"ఎవరండీ మీరు?" అన్నారు మాష్టారు.

"వాడి అక్క మొగుణ్ణి."

బల్ల దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్క బొమ్మనే చూసుకుంటూ నడిచాడు. క్రేను తాత దగ్గర ఆగాడు. "ముసలాడికి వ్యాను ఇచ్చావా! గుద్దేస్తాడు" అన్నాడు, నాతో కాదు, బొమ్మతో. కవలల చేతుల రంగు మీద వేలితో మెల్లగా నిమిరాడు. చివరికి తన దగ్గరికి తను వచ్చాడు.

చాలాసేపు చూశాడు.

చొక్కా జేబులోంచి తాళంచెవులు గుచ్చే సన్న తీగ తీశాడు. పంటితో కొరికి, గోటితో కొస వంచి, బొమ్మ గుప్పిట్లో దూర్చాడు.

"తీసింది నేనే కదా. దానికేం సిగ్గు?"

ఆరేళ్ళ తర్వాత నాతో ఆయన అన్న మొదటి మాట అది.

"మాష్టారూ, తీగ ఆయుధమేనా?" అన్నాడు పక్క బల్లవాడు.

మాష్టారు పుస్తకం తిరగేశారు. "తీగ ఎవణ్ణీ కొట్టదు. తలుపులు తీస్తుంది, అంతే. ఈయన నాయకుడు కాబట్టి ఈయన బలం గొంతులో ఉంటుంది."

"గొంతులోనా?" అన్నాడు బావ.

"నాయకుడి గొంతు జానెడు దూరం వినిపిస్తుందండీ. ఆ జానెడులో ఉన్నవాళ్ళు నాయకుడు నిలబడి ఉన్నంతసేపూ పారిపోరు. నాయకుడు పడిపోతే ఆ జానెడులోని ప్రతివాడూ పాచిక వెయ్యాలి. నాలుగు, అయిదు, ఆరు పడితే నిలబడతాడు. తక్కువ పడితే బల్ల అంచుకి పరుగు. అంచు దగ్గర ఇంకొక్క పాచిక ఉంటుంది, తర్వాతి వంతులో. అదీ పోతే బల్ల దిగిపోయినట్టే."

"జానెడు అవతల ఉన్నవాడో?"

"వాడికి ఏ బాధా లేదు. వాడి గుండె సంగతి ఎవరూ అడగరు."

బావ తలూపాడు. "నాకూ ఒక సైన్యం ఇవ్వండి. ఆడతాను."

హాల్లో కొత్తవాళ్ళ కోసం ఉంచిన దళం ఒక్కటే ఉంది. బూడిదరంగు గార్డులు, కర్రలు, విజిళ్ళు. కంపెనీ గార్డులకి అచ్చుగుద్దినట్టు ఉంటారు. బావ వాళ్ళని చూసి పకపకా నవ్వాడు. "బాగుంది. ఈ వైపు ఎలా ఉంటుందో నేనూ చూస్తాను."

ఆడాం. ఆయనకి ఆట రాదు, కానీ చెయ్యి తెలుసు. ఎక్కడ వదులుందో అక్కడే అడుగుతాడు. గిడ్డంగి దగ్గర నా బాంబుల అత్త ఇద్దరు గార్డుల్ని లేపేసింది. "అత్తా, అత్తా, నీ టీ తాగిన విశ్వాసమైనా లేదా" అంటూ బావ ఆ ఇద్దర్నీ పక్కకి పడుకోబెట్టాడు. మూడో షిఫ్టుగాడు నిద్రలోనే ఇంకొకణ్ణి కాల్చాడు. హాల్లో మిగతావాళ్ళు తమ ఆటలు వదిలేసి మా బల్ల చుట్టూ చేరారు. ఆ గంటన్నర నేను ఎంత సుఖంగా ఉన్నానో చెప్పడం నాకు చాతకాదు. ఆయన "ఏరా, నీ వంతు" అన్నప్పుడల్లా కావాలని ఆలస్యం చేశాను, ఇంకోసారి అంటాడని.

పన్నెండున్నరకి బావ తన గార్డులందర్నీ ఒక్కవైపుకి లాగి నా నాయకుడి మీదికి తోలాడు. తన మీదికి తనే. పాచికలు వేశాడు. రెండు ఆర్లు.

నాయకుడు పడిపోయాడు.

"పడినవాణ్ణి పడగొట్టినవాళ్ళు తీసుకోవాలండీ" అన్నారు మాష్టారు. "ఆట ముగిసేదాకా మీ దగ్గరే ఉంటాడు."

బావ తన బొమ్మని తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. నేను టేపు తీశాను. జానెడులో నలుగురున్నారు. అత్త, కవలలు, క్రేను తాత. నాలుగు పాచికలు వేశాను. నలుగురూ నిలబడ్డారు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. బావ కొట్టలేదు. బల్లంతా వెతుకుతున్నాడు.

"అందరూ ఉన్నారు. నువ్వేడిరా?"

నేను చూపించాను. బల్ల ఆ మూల ఎత్తైన గోడ. గోడ మీద నోట్లో ఈల పెట్టుకుని ఒకడు. నిఘావాడు. జారిపోకుండా గోడకి జిగురు పెట్టి మరీ అతికించాను. నాయకుడికి మూడు జానల దూరం.

బావ వంగి వాణ్ణి చూశాడు.

"కాగితంలోనూ ఇదే చెప్పావు" అన్నాడు నెమ్మదిగా. "కోర్టులో చదివి వినిపించారు. దూరంగా, గోడ దగ్గర నిలబడి చూశాను అని. నువ్వు నా పేరు చెప్పావని నాకు కోపం లేదురా. నన్ను అడిగితే నేనే చెప్పేవాణ్ణి. నా పక్కన లేనన్నావు చూడు. నూనె ఎవరిచ్చారు నాకు? గోడ ఇచ్చిందా?"

గేటు ముందు వెయ్యిమంది వినేలా అరిచేవాణ్ణి, టేపు చుట్టుకుంటూ నిలబడ్డాను.

"చివరికి బొమ్మలాటలో కూడా గోడ మీద పిల్లివేనా?"

"తీసెయ్యి బావా" అన్నాను.

బొటనవేలూ చూపుడువేలూ పెట్టి మెల్లగా అటూ ఇటూ ఆడించాడు. జిగురు టప్పుమంది. బొమ్మ చెక్కుచెదరకుండా ఊడి వచ్చింది, ఆ చెయ్యి అలాంటిది. నాయకుడు పడినచోటికి పక్కన, వేలెడు దూరంలో పెట్టాడు.

"ఇది రూల్సులో లేదు. బొమ్మని అలా ఎత్తి ఇంకోచోట..." మాష్టారు మొదలుపెట్టారు.

"మాష్టారూ, వాడు మొదట్నించీ అక్కడే ఉన్నాడు" అన్నాను నేను. "నేనే తప్పు చోట పెట్టాను."

మాష్టారు మా ఇద్దరి మొహాలూ చూసి పుస్తకం మూసేశారు.

"వెయ్యి" అన్నాడు బావ.

వేశాను. అది బల్ల మీద దొర్లుతున్నంతసేపూ నాకు ఆరు అక్కర్లేదు, అయిదు అక్కర్లేదు, నాలుగు చాలు, నాలుగు.

రెండు పడింది.

రూల్సు ప్రకారం నేనే నా బొమ్మని ఎత్తి టేపుతో కొలిచి బల్ల అంచున పెట్టాను. సగం పీట బయటికి వచ్చింది.

"ఇంకో పాచిక ఉందన్నారుగా?" అన్నాడు బావ.

"తర్వాతి వంతులోనండీ. ముందు మీరు ఆడాలి."

సరిగ్గా అప్పుడే మెట్ల మీద కత్తెరల సంచులు గలగలలాడాయి. ఒంటిగంటకి హాలు కుట్టు క్లాసువాళ్ళది. టీచరు లోపలికి వస్తూనే, "బల్లలు ఖాళీ చెయ్యండి బాబూ, మీ యుద్ధాలు మీ ఇంట్లో చేసుకోండి" అంది. ఆవిడ ముందు మాష్టారు కూడా పిల్లిపిల్లే.

బావ గోడ దగ్గరున్న కొలతల సుద్ద తీసుకుని, అంచున నా బొమ్మ చుట్టూ సున్నా చుట్టాడు. సుద్ద నా చేతిలో పెట్టి, ఇంకేం అనకుండా మెట్లు దిగిపోయాడు. కిటికీలోంచి చూశాను. అవతల వీధి మొగలో అక్క నిలబడి ఉంది. ఆయన ఏదో చెప్పాడు. ఆమె పైకి చూసింది. నేను చెయ్యెత్తాను. వెళ్ళిపోయారు. ఆయన చొక్కా జేబులో నాయకుడు అలాగే ఉన్నాడు.

ఆ వారం పొద్దున్నే కూర్చుని నా బొమ్మ నోట్లోని ఈల ఆకురాయితో అరగదీశాను. రుద్దలేదు, అడిగాను. దాని చేతికి లివరు రివెట్టు ఒకటి అతికించి, గుండుసూది మొన ముక్కులా పెట్టాను. నూనెడబ్బా. బొమ్మ చేతిలో కంటికి కనిపించేదే దానిది.

తర్వాతి ఆదివారం పదింటికి అందరి బొమ్మల్నీ ఎక్కడివాళ్ళనక్కడ పేర్చాను. సుద్ద సున్నా కుట్టు క్లాసువాళ్ళ గుడ్డల కింద సగం చెరిగినా కనిపిస్తూనే ఉంది. సున్నాలో వాణ్ణి పెట్టాను. బావ రాలేదు. మాష్టారు పదకొండు దాకా ఊరుకుని, "ఎదుటివాడు అరగంటలో రాకపోతే ఆట నీదే. రూలు" అన్నారు.

"నాకొద్దు మాష్టారూ."

"గెలుపురా అది."

"అందుకే వద్దు."

ఆయన గొణుక్కుంటూ వెళ్ళారు. ఆ పై ఆదివారమూ అంతే. మాష్టారు ఈసారి రూలు ఎత్తలేదు. నాకు టీ తెప్పించారు.

నిన్న అక్క వచ్చింది. కిటికీలో ఖాళీగా ఉన్న చోటు చూసింది, నన్ను చూసింది.

"ఎక్కడున్నాడక్కా? నా నాయకుడు?"

"మిషను మీద నిలబెట్టుకున్నాడు. తాళంచెవి కోసేటప్పుడు ఇత్తడి పొడి పడి బంగారంలా మెరుస్తున్నాడు మీ నాయకుడు. వచ్చినవాళ్ళు అడుగుతున్నారు, ఎవరిదండీ ఈ బొమ్మ అని."

"ఏమంటున్నాడు?"

"ఏమంటాడు, నవ్వుతాడు. నేనే అన్నాను, వాడికి ఇచ్చెయ్యరాదూ, అక్కడ వాడు దీనికోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నాడు అని."

"మిషను ఆన్ చేశాడా?"

అక్క కళ్ళజోడు తీసి పైటకొంగుతో తుడుచుకుంది.

"లేదురా. చెయ్యలేదు. ఆట ఇంకా అయిపోలేదుగా, ఎలా ఇస్తాను అన్నాడు."

రేపు ఆదివారం. సుద్ద జేబులో పెట్టుకున్నాను.